సోబా ఆగదు

ఆ ఏడు కత్తిరి ఎండలు మొదలైన రోజే మా ఇంట్లో అన్నం చల్లారిపోయిందని గొడవ జరిగింది.

బయట నలభై ఒక్క డిగ్రీలు. డాబా మీది నల్ల ట్యాంకు నుంచి కుళాయిలోకి వచ్చే నీళ్ళకు చేతులు చురుక్కుమంటున్నాయి. అలాంటి మధ్యాహ్నం రెండూ నలభైకి మా మామగారు భక్తవత్సలం పచ్చ హాట్‌బాక్స్ మూత తీసి, అన్నాన్ని రెండు వేళ్ళతో నొక్కి, కంచం పక్కకు జరిపారు.

"ఏందమ్మా ఇది? అన్నం చల్లారిపోయుండాది."

"మూత సరిగ్గా పట్టడంలా మామా. పోయిన వారమే చెప్పినాను."

"మూత ఊరికే ఎందుకు పాడైపోతాది? ఎవురో పొయ్యి పక్కన పెట్టుంటారు."

పొయ్యి పక్కన ఉండేది నేనొక్కదాన్నే కాబట్టి ఆ ఎవరో ఎవరన్నది అందరికీ తెలుసు. అత్తగారు కనకవల్లి వంటింటి గుమ్మంలోంచి తన మాట అందించారు.

"ఎర్రదాని మూత దీనికి పెట్టుంటాది. నేను అప్పుడే అనుకున్నా."

"ఎర్రదాని మూత ఎర్రదానికే ఉండాది అత్తా. చూడండి."

"అట్లయితే పచ్చదాని మూత ఏడ?"

"మామ చేతిలో ఉండాది."

మా ఆయన శివరామ్ తన ఎర్ర హాట్‌బాక్స్ ముందు పెట్టుకుని అప్పటికే తింటున్నాడు. "ఒక మూతకు ఇంత పంచాయితీనా? చుమ్మా ఊరుకుండండి. సాయంత్రం కొత్తది తెస్తాలే," అన్నాడు.

"కొత్తదెందుకు?" అన్నాను. "ఒంటిగంటకు వచ్చుంటే పొగలు పోయే అన్నం తినుండొచ్చు."

మామగారు కంచం మళ్ళీ దగ్గరికి లాక్కున్నారు. నేను చారు పోశాను.

మాది చూలై పేటలో మేడ ఇల్లు. కింద స్వీటు షాపులకూ చీరల షాపులకూ అట్టపెట్టెలు చేసే వర్క్‌షాప్, పైన మేము. మధ్యలో పదహారు మెట్లు. కింద గోడకు ఒక ఇత్తడి బెల్లు వేలాడుతుంది, బళ్ళో గంట లాంటిది. దాన్ని పెట్టించింది మామగారే, మధ్యాహ్నం సరిగ్గా ఒంటిగంటకు కొట్టేదీ ఆయనే. "పని ఉంటే ఉండనీ. ఆకలికి ఒక టైమంటూ ఉండాల," అంటారు. బెల్లు మోగితే మెషీన్లు ఆగుతాయి. కటింగ్ మెషీన్ దగ్గర పనిచేసే ఆంటో చేతులు కడుక్కుని క్యారియర్ విప్పుతాడు. ముప్ఫై ఏళ్ళలో ఆ బెల్లు ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదని చూలైలో చాలామందికి తెలుసు.

అదే బెల్లు విని పైన నేను అన్నం దించేదాన్ని. మొదటి గరిటె పచ్చ హాట్‌బాక్స్‌లోకి, తరవాతది ఎర్రదాంట్లోకి. ఆ వెంటనే గిన్నెకు మూత. మామగారు పైకి వచ్చి పచ్చ హాట్‌బాక్స్ తెరిచేదాకా ఆ గిన్నెలో ఇంకో గరిటె పడకూడదు. అది ఈ ఇంటి పద్ధతి. పెళ్ళయి వచ్చిన మర్నాడే అత్తగారు నాకు చెప్పారు, గ్యాసు బండ ఎలా మార్చాలో చెప్పినంత మామూలుగా. మామగారూ శివరామ్ మాత్రం బెల్లుకు పైకి వచ్చేవాళ్ళు కాదు. ఫోన్లో పిలిస్తే కింద నుంచి "రెండు నిమిషాలు" అనే జవాబు వచ్చేది. వాళ్ళ రెండు నిమిషాలు గంటన్నర. వాళ్ళు తిని, చెయ్యి కడిగి, కిందికి దిగాక అత్తగారూ నేనూ వంటింట్లో పీటలు వేసుకునేవాళ్ళం. అప్పటికి మూడున్నర.

నేను కెమిస్ట్రీలో బీఎస్సీ చేశాను. ఏది ఎన్ని నిమిషాలు మరగాలో చూసుకుని దించడం నాకు అలవాటు. అలా దించినవన్నీ ఎవరో ఒకరి కోసం మూత కింద చెమటలు పట్టి మెత్తబడటం చూస్తూ ఇరవై నాలుగేళ్ళు గడిపాను.

* * *

మా అమ్మాయి రంజని కార్ల విడిభాగాలు చేసే ఒక జపాన్ కంపెనీ ఆఫీసులో పనిచేస్తుంది. శని, ఆదివారాలు సెలవు. మే రెండో వారంలో వాళ్ళ ఆఫీసులోని జపానామె సొంత ఊరికి వెళ్ళిపోతూ తన వంటింటి అలమర ఖాళీ చేసి, సరుకులు తలా కొన్ని పంచిందట. రంజనికి ఐదు ప్యాకెట్ల సోబా నూడుల్స్, ఒక సోయా సాస్ సీసా, ఎండు పుట్టగొడుగుల పొట్లం వచ్చాయి.

"అమ్మా, ఇది బక్‌వీట్. మన వీధిలో మార్వాడీ వాళ్ళు ఉపవాసానికి తింటారే, ఆ పిండి. రొంత గోధుమపిండి గూడా ఉంటాది. నాలుగే నిమిషాలు. సీక్రం అయిపోతాది!"

ప్యాకెట్ విప్పి చూశాను. బూడిద రంగు సన్నటి పుల్లలు. ఒక్కో ప్యాకెట్లో మూడు కట్టలు, ఒక్కో కట్ట నడుముకు ఒక కాగితం పట్టీ. ఒక మనిషికి ఒక కట్ట.

ఆ శనివారం ఐదుగురికి ఐదు కట్టలు ఉడికించాను. ఉడికాక చల్లటి నీళ్ళలో కడగాలంది రంజని. ట్యాంకు నీళ్ళలో కడిగితే ఇంకోసారి ఉడికేట్టున్నాయి. మట్టికుండలో నీళ్ళు ఒంపి, రెండు ట్రేల ఐసుముక్కలు వేశాను.

"తాగే నీళ్ళతోనా!" అత్తగారు కుండ వైపు అడుగు వేశారు. "క్యాను నీళ్ళు తెచ్చి కుండలో పోసేది ఇందుకా?"

"ఈ పొద్దుకు ఇందుకేనత్తా."

పుట్టగొడుగులు నానిన నీళ్ళలో సోయా సాస్, చిన్న బెల్లంముక్క వేసి ఒక పొంగు రానిచ్చి చల్లార్చాను. ముల్లంగి తురిమాను, ఉల్లికాడలు తరిగాను, అల్లం దంచాను. అంతా పది నిమిషాల పని. కింద బెల్లు మోగింది. రంజని తన గిన్నె తీసుకుని టీవీ ముందు కూర్చుని చప్పుడు చేస్తూ పీల్చుకుంది. "సూపర్ మా!" అంది. నన్ను కూడా తీసుకోమంది.

"వాళ్ళు రానీ," అన్నాను.

అలవాటు చొప్పున నా చేతులు చేయాల్సింది చేసేశాయి. సోబాను పచ్చ హాట్‌బాక్స్‌లో కొంత, ఎర్రదాంట్లో కొంత సర్ది, మూతలు బిగించాను. మాకిద్దరికీ ఒక గిన్నెలో పెట్టి, దానికీ మూత వేశాను.

రెండున్నరకు మామగారు మూత తీసి లోపలికి చూశారు. హాట్‌బాక్స్‌ను కంచంలో బోర్లించారు. అది ఆ ఆకారంలోనే, ఒక్క ముద్దగా దిగి నిలబడింది.

"శివా, చూసినావా? ఆంటోకి ఇయ్యి. అట్టలు అతికించేదానికి పనికొస్తాది."

శివరామ్ పొలమారేదాకా నవ్వాడు. మామగారు స్పూనుతో ఆ ముద్దను అటూ ఇటూ పొడిచి, "మంచి గోందమ్మా. మైదా గోందు కంటే గట్టిగా పట్టేట్టుండాది," అన్నారు.

రంజని హాల్లోంచి వచ్చి చూసి తల పట్టుకుంది. "అయ్యో అమ్మా, హాట్‌బాక్స్‌లో పెట్టినావా? ఇది ఆగేది కాదు మా. నీళ్ళు వంచినావంటే తినేయాల. అంతే. ఎవురికోసమూ పెట్టేది కాదు!"

ఆ రోజు మూడున్నరకు నేనూ అత్తగారూ గోందే తిన్నాం. మిగిలిన పది కట్టలను బిస్కెట్ల డబ్బా పక్కన పెట్టాను.

* * *

ఫిబ్రవరిలో నాకు షుగరు బయటపడింది. మధ్యాహ్నం భోజనానికి పావుగంట ముందు వేసుకోమని ఒక మాత్ర ఇచ్చారు. ఆ పావుగంట ఎప్పుడు మొదలవుతుందో మా ఇంట్లో ఎవరూ చెప్పలేరు. అందుకే మామగారి చెప్పుల చప్పుడు మెట్ల మీద వినిపిస్తే మాత్ర వేసుకునేదాన్ని.

గోందు జరిగిన శనివారం తరవాత వచ్చిన సోమవారం శివరామ్ పొద్దున్నే చెప్పాడు, పెళ్ళి పెట్టెల ఆర్డరు అయిపోయింది, ఈ రోజు బెల్లుకే వచ్చేస్తామని. నమ్మాను. పన్నెండూ నలభై ఐదుకు మాత్ర వేసుకున్నాను. బెల్లు మోగింది. ఒంటిగంటన్నర అయింది. రెండు దాటింది. వాళ్ళు వచ్చింది రెండూ యాభైకి. మామగారికి చారు పోస్తున్నాను. గరిటె బరువెక్కింది. ఆ తరవాత నాకు తెలిసింది నా నోట్లో పంచదార, తల కింద అత్తగారి ఒడి.

వీధి చివర క్లినిక్‌లో డాక్టరమ్మ బీపీ పట్టీ విప్పుతూ అడిగింది. "మాత్ర వేసుకుని రెండు గంటలు ఖాళీ కడుపుతో ఉన్నారా? వేసుకున్న పావుగంటకు ఏదో ఒకటి తినాలి. చదువుకున్నారు కదా?"

చదువుకున్నానన్నాను.

తిరిగి వస్తుంటే స్కూటరు మీద శివరామ్ తల వెనక్కి తిప్పి, "నువ్వు తినేసుండొచ్చు గదా రాజీ. ఎవురు వద్దన్నారు?" అన్నాడు.

అతను నిజంగానే అడిగాడు. ఎవరు వద్దన్నారో అతనికి నిజంగానే తెలియదు.

మంగళవారం బెల్లు మోగగానే హాట్‌బాక్సులు నింపి, నా కంచం తెచ్చుకుని గిన్నె మూత మీద చెయ్యి వేశాను. అత్తగారి చెయ్యి వచ్చి నా చేతి మీద పడింది. కోపంగా కాదు. పాలు పొంగుతుంటే ఆపడానికి వచ్చినట్టు వచ్చింది.

"పెద్దాయన తినకముందే గరిటె పెడ్తా ఉండావా?"

"డాక్టరు చెప్పింది గదత్తా."

"ఏదో ఒకటి తినమనింది. అన్నమే తినమనిందా? డబ్బాలో బిస్కెట్లు ఉండాయి, రెండు తిను. యాభై మూడేళ్ళుగా నేను ఈ గిన్నెలో ముందుగా గరిటె పెట్టలా. ఒక్కనాడు గూడా."

ఆమె గొంతులో ఉన్నది గర్వమే. దాన్ని నేను ఎప్పుడూ తక్కువ చేయలేదు. కానీ నాకు నలభై ఎనిమిదేళ్ళు. రోజూ బెల్లు కొట్టే ఇంట్లో రెండు బిస్కెట్లు నములుతూ మెట్ల వైపు చూస్తూ నిలబడే ఉద్దేశం నాకు లేదు.

బిస్కెట్ల డబ్బా కోసం చెయ్యి చాపాను. దాని పక్కన సోబా కనిపించింది.

* * *

ఒక కట్ట తీసి కాగితం పట్టీ చించాను. నీళ్ళు మరిగాక వేసి, గోడ గడియారం వైపు చూస్తూ నిలబడ్డాను. నాలుగు నిమిషాలు. వంచి, కుండ నీళ్ళలో కడిగి, పళ్ళెంలో పెట్టుకుని, హాల్లో భోజనాల బల్ల దగ్గరికి తీసుకెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. ఆ బల్ల కొన్న ఈ పదకొండేళ్ళలో దాన్ని తుడిచాను, దాని మీద వడ్డించాను. దాని ముందు కూర్చుని తినడం అదే మొదలు.

అత్తగారు వచ్చి ఎదురుగా నిలబడ్డారు.

"ఏందిది?"

"నా కట్ట అత్తా. గిన్నె మూత తీయలా, చూసుకోండి."

ఆమె వంటింట్లోకి వెళ్ళి చూశారు. అన్నం గిన్నె మూత అలాగే ఉంది. రెండు హాట్‌బాక్సులూ నిండుగా ఉన్నాయి. తప్పు ఎక్కడుందో వెతుకుతున్నారని అడుగుల చప్పుడును బట్టి తెలుస్తోంది. తిరిగి వచ్చి, "బల్ల మీద కూర్చోవాల్నా?" అన్నారు.

"పీట మీద కూర్చుంటే మోకాళ్ళు నొప్పులు. మీకు మాత్రం లేవా?"

చల్లటి సోబా ముల్లంగి తురుముతో కలిసి గొంతులోకి జారింది. చారు జుర్రుకున్నట్టే చప్పుడు చేస్తూ పీల్చాను. అది కొంచెం గట్టిగానే చేశాను.

మధ్యాహ్నం మామగారికి వడ్డిస్తుంటే అత్తగారు గుమ్మంలోంచి అన్నారు. "మీ కోడలు ఒంటిగంటకే తినేసింది."

"ఏం తినింది?"

"ఆ గోందు."

"గోందేనా? తిననీ," అన్నారాయన, అప్పడం విరుస్తూ. ఆయన దృష్టిలో అది అన్నం కాదు. అప్పటికి నాకు అది చాలు.

బుధవారం కూడా అలాగే తిన్నాను. ఉడికించిన నీళ్ళు పారబోయబోతుంటే అత్తగారు ఆపారు. "గంజి పారపోస్తావేందే?" గ్లాసులో పోయించుకుని, ఉప్పు వేసుకుని, నిలబడే తాగారు. గంజి తాగితే తప్పు లేదట. దాన్ని జపాన్‌లో కూడా తాగుతారని రంజని చెప్పిందన్నాను. "వాళ్ళకు గూడా తెలుసన్నమాట," అన్నారు.

గురువారం గంజి కుర్చీలో కూర్చుని తాగారు. నా పళ్ళెం వైపు చూడకుండా ముల్లంగి ఘాటు తగ్గాలంటే ఏం చేయాలో చెప్పారు. తురిమాక పిండేయాలట.

శుక్రవారం బెల్లు మోగింది. కింద మెషీన్లు ఆగాయి. ఆంటో కుళాయి తిప్పిన చప్పుడు కూడా పైకి వినిపించింది. నేను కట్ట పట్టీ చించి నీళ్ళలో వేయబోతున్నాను.

"ఇంకోటి వెయ్యి," అన్నారు అత్తగారు నా వెనక నుంచి.

నేను వెనక్కి తిరగలేదు. తిరిగి ఉంటే ఆమె ఏదో ఒక కారణం చెప్పాల్సి వచ్చేది. రెండో కట్ట పట్టీ చించి వేశాను. నాలుగు నిమిషాలూ నా కళ్ళు గడియారం మీదే ఉంచాను. కుండలోంచి నీళ్ళు ఒంపింది ఆమే.

* * *

ఇంక ఐదు కట్టలు మిగిలాయి. శనివారం రంజని ఇంట్లో ఉంటుంది. ఐదుగురికి ఐదు.

ఆ శనివారం నేను అన్నం వండలేదు. పొద్దున్నే హాట్‌బాక్సులు రెండూ కడిగి ఎండబెట్టి, బట్టల క్లిప్పులు ఎర్రదాంట్లో, ఎండుమిరపకాయలు పచ్చదాంట్లో పోశాను. ఎండుమిరపకాయలకు మూత అంత గట్టిగా పట్టనక్కరలేదు.

పన్నెండూ యాభైకి శివరామ్‌కి ఫోన్ చేశాను. "బెల్లుకు నీళ్ళలో వేస్తాను. ఐదు నిమిషాలకు పళ్ళెంలో ఉంటాది. ఇద్దరూ రండి."

"రెండు నిమిషాలు రాజీ."

"ఇది ఆగదు," అని పెట్టేశాను.

బెల్లు మోగగానే రంజని మెట్ల మీద నుంచి కిందికి అరిచింది. "నాన్నా! నీళ్ళు మరుగుతా ఉండాయి! తాతా!"

గోందు వాసన చేతులతో శివరామ్ ఒక్కడే పరుగున వచ్చాడు. పోయిన సోమవారం తరవాత అతను నా మొహంలోకి చూడటం కొంచెం ఎక్కువైంది. "నాయన ఫోన్లో ఉండాడు, వస్తాడు," అన్నాడు.

నాలుగు కట్టలు వేశాను. ఐదో కట్టను పట్టీ విప్పకుండా మామగారి కంచంలో పెట్టాను. నలుగురం బల్ల చుట్టూ కూర్చున్నాం. అత్తగారు ముల్లంగి పిండి తెచ్చారు. రంజని తండ్రికి ఎలా ముంచుకుని తినాలో చూపించింది. అతను చొక్కా మీద పోసుకున్నాడు. "ఏందే ఇది, పామును పట్టుకున్నట్టుండాది!" అన్నాడు. కానీ వదల్లేదు.

ఒంటిగంటా ఇరవైకి మెట్ల మీద చెప్పుల చప్పుడు. మామగారు గుమ్మంలో ఆగారు. ఆయన కంటే ముందు ఆ బల్ల దగ్గర నలుగురు తింటూ ఉండటం ఆయన ఎప్పుడూ చూడలేదు. ఆయన చూపు ఒక్కొక్కరినీ దాటి భార్య దగ్గర ఆగింది. ఆమె తల ఎత్తలేదు. సోబా పోగు ఒకటి ఆమె పెదవుల మధ్య నుంచి చప్పుడు చేస్తూ లోపలికి పోయింది.

ఆయన తన కుర్చీలో కూర్చుని కంచంలోకి చూశారు.

"నా హాట్‌బాక్స్ ఏడ?"

"ఎండుమిరపకాయలు పోసినాను మామా. మీ కట్ట మీ కంచంలోనే ఉండాది. ఉడికించేదానికి నాలుగు నిమిషాలు."

ఆయన కట్టను చేతిలోకి తీసుకుని పట్టీ మీది అక్షరాలు చదువుతున్నట్టు తిప్పారు. తరవాత నా వైపు జరిపారు. "సరి, అయితే వెయ్యి."

"వేస్తాను మామా. నాది తినేసినాక."

శివరామ్ లేవబోయాడు. "నేను వేస్తాలే..."

"నువ్వు కూర్చో," అన్నారు అత్తగారు. "నీకు నాలుగు నిమిషాలంటే తెలుసునా?" అని, భర్త వైపు తిరిగారు. "ఆగండి రొంతసేపు. ఇదేం చల్లారిపోయేది కాదు."

రంజని గిన్నెలోకి తల వంచి నవ్వు దాచుకుంది. మామగారు కట్టను కంచంలో పెట్టి రెండు చేతులూ బల్ల మీద ఆనించుకున్నారు. ఆ ఇంట్లో ఆయన తిండి కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి. ఆయన మొహంలో కోపం లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనితనం ఉంది.

సోబా ఈ రోజుతో అయిపోతుంది. రేపటి నుంచి మళ్ళీ అన్నం, ఆ గిన్నె, ఆ మూత. చెప్పాల్సింది ఇప్పుడే చెప్పాలి.

"రేపటి నుంచి అన్నమే వండుతాను మామా," అన్నాను. నా గొంతు నేననుకున్నంత గట్టిగా రాలేదు. కానీ ఎక్కడా ఆగలేదు. "కింద బెల్లు ఉన్నా లేకపోయినా, ఆదివారమైనా, ఒంటిగంటకు గిన్నె మూత తీస్తాను. ఈడ ఎవురుంటే వాళ్ళం కూర్చుని తింటాం. లేటైతే గిన్నెలో ఉంటాది, పెట్టుకోవచ్చు. హాట్‌బాక్స్‌లో ఇంక తీసి పెట్టను."

ఆయన నిజంగా అర్థం కాక అడిగినట్టు అడిగారు.

"ఆ బెల్లు పెట్టింది పనోళ్ళకు గదమ్మా?"

"అవును మామా," అన్నాను. "అందుకే నాకు గూడా."

నా పళ్ళెంలో ఇంకా కొన్ని పోగులు ఉన్నాయి. అవి తిన్నాకే లేచి పొయ్యి వెలిగించాను.